పాత కార్ల శీర్షిక: ఇంజిన్‌నూ గేర్ బాక్సునూ ఇంట్లోనే విడదీయడం గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారి 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 పెట్రోలు కారు కొన్నేళ్ళుగా తిరుపతిలో మా ఇంటి షెడ్డులో కదలకుండా ఉన్నది. ఆయన నడిపిన రోజుల్లో తరచుగా తిరుమల కొండ ఎక్కి దిగిన బండి అది. క్లచ్ జారుతున్నదని ప్లేటు మార్చేందుకు ఇంజిన్‌నూ గేర్ బాక్సునూ కలిపి చైన్ పుల్లీతో బయటికి తీసి నేల మీదికి దించాము. ఇంజిన్‌కూ గేర్ బాక్సుకూ నడుమ క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ చుట్టూ ఉన్న బోల్టులన్నీ విప్పాము. పైభాగాన వేలు దూరేంత సందు వచ్చింది గానీ అడుగున కాగితం కూడా దూరడం లేదు. అంతటితో ఆగిపోయింది. గడ్డపార పెట్టి తెరవమని ఒకరు, సమ్మెటతో కొట్టమని మరొకరు చెబుతున్నారు. మీరేమంటారు? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: గడ్డపారనూ సమ్మెటనూ ముందుగా షెడ్డు బయట పెట్టించండి. మీ కారుకు ఇంతవరకు చెడిందేమీ లేదు. ఇక చెడితే వాటి వల్లనే చెడుతుంది.

మీ ఉత్తరంలో అన్నింటికన్నా విలువైన సమాచారం ఆ సందు తీరు. పైన తెరుచుకుని కింద మూసుకుని ఉన్నదంటే గేర్ బాక్సు తోకవైపు కిందికి వాలిపోయిందని అర్థం. గేర్ బాక్సు ముందు ముఖంలోంచి వచ్చే షాఫ్ట్ బెల్ హౌసింగ్ మధ్యగా సాగి, క్లచ్ ప్లేటు నడిమి పళ్ళలోంచి దూరి, ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ వెనక కొనలో బిగించిన చిన్న పైలట్ బుష్‌లో తన మొన ఆనించుకుని ఉంటుంది. బోల్టులు ఉన్నంతసేపు గేర్ బాక్సు బరువును హౌసింగ్ మోస్తుంది. బోల్టులు తీసి, రెండు ముఖాలూ కాస్త ఎడమైన క్షణం నుంచి, మీరు వేరే ఆధారం ఇవ్వకపోతే, ఆ బరువంతా ఈ ఒక్క షాఫ్ట్ మీదా, క్లచ్ ప్లేటు నడిబొడ్డు మీదా పడుతుంది. వాలిన షాఫ్ట్ బుష్‌లోనూ పళ్ళలోనూ అడ్డంగా పట్టేసుకుంటుంది కాబట్టి ఎంత లాగినా రాదు. బలం పెంచిన కొద్దీ ప్లేటు నడుమ వంగుతుంది, లేదా బుష్ ఒకవైపు అరిగిపోతుంది. మీరు ఎలాగూ ప్లేటు మారుస్తున్నారు కదా అని ధైర్యపడవద్దు. షాఫ్టుకూ దాని బేరింగుకూ తగిలే దెబ్బ కొత్త ప్లేటుతో పోదు.

అందువల్ల మొదట చేయవలసింది లాగడం కాదు, గేర్ బాక్సును తిరిగి ఇంజిన్ వైపు నెట్టడం. ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంపును పాత టైరులోనో మందపాటి చెక్క దిమ్మెల మధ్యనో కదలకుండా కూర్చోబెట్టి, చైన్‌ను పూర్తిగా వదిలేయకుండా ఇంజిన్‌కు కొద్దిగా బిగువుగా ఉంచండి. గేర్ బాక్సు కింద, తోక దగ్గర ఒకటీ హౌసింగ్ దగ్గర ఒకటీ, రెండు జాకీలు చెక్క ముక్కలు అడ్డం వేసి పెట్టండి. తోకను అంగుళంలో నాలుగో వంతు చొప్పున లేపుతూ, గేర్ బాక్సును ఇంజిన్ వైపు నెడుతూ, చుట్టూ సందు సమానమయ్యేదాకా రండి. పైన, కింద, కుడి, ఎడమ నాలుగు చోట్లా ఒకే మందం గల అట్టముక్క ఒకే బిగువుతో దూరితే రెండూ ఒక వరుసలోకి వచ్చినట్టే. అప్పుడు కత్తిని ఒరలోంచి తీసినట్టు తిన్నగా వెనక్కి తీయాలి. ఒకరు గేర్ బాక్సును కొద్దిగా కుడి ఎడమలకు ఊపుతూ లాగుతుంటే, మరొకరు జాకీల మీద చేయి వేసి ఉండాలి; మూడో మనిషి పని కేవలం ఆ నాలుగు చోట్లా సందును చూస్తూ ఉండటమే. సందు ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆపమని అతను చెప్పాలి, మిగతా ఇద్దరూ వినాలి. ఆ సందులోకి ఎవరూ, ఏ కారణం చేతా వేళ్ళు పెట్టకూడదు. ఇనుము జారితే వేలు మిగలదు.

ఇలా సరిచేశాక కూడా రాకపోతే, ఎక్కడ ఆగిందో గమనించండి. అసలు ఏమాత్రం సందు ఇవ్వకుండా బిగుసుకుని ఉన్నదంటే ఎక్కడో ఒక బోల్టు మిగిలి ఉందని ముందు అనుమానించాలి. సెల్ఫ్ మోటారు కూర్చునే చోటా, అడుగున మట్టీ జిడ్డూ పేరుకున్న చోటా బోల్టు తల కంటికి కనిపించదు; కిరసనాయిలు పూసి బ్రష్షుతో రుద్ది, చేత్తో తడిమి చూడాలి. బోల్టులు నిజంగానే లేకపోతే, రెండు ముఖాలనూ ఒకే చోట కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. వాటి చుట్టూ తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు గట్టి చెక్కతో చేసిన పల్చటి చీలలు రెండు తీసుకుని, ఎదురెదురు వైపులా పెట్టి, ఇటొక దెబ్బ అటొక దెబ్బగా చిన్న సుత్తితో కొట్టండి. స్క్రూడ్రైవర్‌ను సందులో దూర్చి తిప్పడం చాలామందికి అలవాటు. పోత లోహం వంగదు, చిట్లుతుంది. ఇంజిన్ వెనక ఉండే ఇనుప పలక మాత్రం వంగుతుంది. రెండింటిలో ఏది జరిగినా తిరిగి బిగించినప్పుడు ముఖాలు కలవవు, షాఫ్ట్ వరుస తప్పుతుంది.

అలా కాక, సందు చుట్టూ సమానంగా ఒక అంగుళం మేర వచ్చి ఆగిపోయిందంటే డోవెళ్ళూ బోల్టులూ అడ్డం కావు. కొన్నేళ్ళు కదలకుండా ఉన్న బండి కాబట్టి, క్లచ్ ప్లేటు పళ్ళు షాఫ్ట్ మీద తుప్పుతో అతుక్కుని ఉండే అవకాశం ఎక్కువ. ప్లేటు ఫ్లైవీల్‌కు, అంటే క్రాంక్ వెనక కొనకు బిగించిన బరువైన చక్రానికి, అతుక్కుంటే గేర్ బాక్సు రావడానికి దాని వల్ల అడ్డం ఉండదు. షాఫ్టుకు అతుక్కుంటేనే అడ్డం. పెడల్ తొక్కితే కదిలి క్లచ్‌ను విడిపించే ఫోర్కు దూరే రంధ్రంలోంచి సన్నని గొట్టంతో షాఫ్ట్ పళ్ళ మీద నూనె చుక్కలు వేసి కొన్ని గంటలు ఆగండి. తరువాత టాప్ గేరు వేసి, గేర్ బాక్సు వెనక, చక్రాల వైపు పోయే షాఫ్టును బిగించే బిళ్ళ వంటి ఫ్లాంజిని ఒకరు బలమైన కడ్డీతో కదలకుండా పట్టుకుంటే, ముందు నుంచి స్టార్టింగ్ హ్యాండిల్‌తో క్రాంక్‌ను చాలా కొద్దిగా ముందుకూ వెనక్కూ ఆడించవచ్చు. ఆ మెలికకు తుప్పు వదులుతుంది. అప్పటికీ కదలకపోతే, సందు స్పానర్ దూరేంత ఉన్నట్లయితే, క్లచ్ ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేటును ఫ్లైవీల్‌కు బిగించిన బోల్టులను ఆ సందులోంచే ఒక్కొక్కటిగా, క్రాంక్‌ను తిప్పుకుంటూ, ఒకేసారి కాక చుట్టూ రెండేసి మలుపులుగా వదులు చేసి విప్పేయండి. అప్పుడు క్లచ్ మొత్తం గేర్ బాక్సుతో పాటే వచ్చేస్తుంది. ఓపిక పట్టవలసిన పనే గాని, దేన్నీ విరగ్గొట్టని పని.

విడిపోయిన వెంటనే లోపలి నల్లటి పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి. ఆ కాలపు క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరువాత ప్రాణాంతక వ్యాధులు రాగలవు. ముక్కుకూ నోటికీ మంచి మాస్కు కట్టుకుని, సబ్బు నీళ్ళతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయండి. పిల్లలు ఆడుకునే ముంగిట్లో ఈ పని పెట్టుకోకూడదు.

ఇంత శ్రమపడి తెరిచాక ఒక్క ప్లేటు మార్చి మూసేయడం తెలివైన పని కాదు. పైలట్ బుష్‌ను చూడండి, షాఫ్ట్ మొన అందులో గలగలలాడితే మార్చండి. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్ కార్బన్ రకానిదైతే ఆ కార్బన్ ఎంత మిగిలిందో, పగిలిందేమో చూడండి. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలూ, వెంట్రుక మందం పగుళ్ళూ ఉంటే అవి వేడికి వచ్చినవి. ఘాట్ రోడ్డు మలుపుల్లో సగం క్లచ్ మీద ఆగి కదిలిన బండ్లలో అవి సాధారణమే. లేత్ షాపులో ముఖం చదును చేయించుకోవాలి. ఇక క్రాంక్ వెనక కొంచెం నూనె తడి కనబడితే కంగారుపడవద్దు. మీ కారులోని 1489 సీసీ ఇంజిన్‌ది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ-సిరీస్ వంశం. క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడున్న ఆ ఇంజిన్ల వెనక కొనలో రబ్బరు సీలు ఉండదు, క్రాంక్ షాఫ్ట్ మీద కోసిన మరవంటి గాడి నూనెను తిరిగి లోపలికి తోస్తుంది. అందుకే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. నూనె కారుతున్నదని దాన్ని మూసేసేవాళ్ళున్నారు. మూస్తే ఆ నూనె బయటికి పోయే దారిలేక క్లచ్ ప్లేటు మీద పడుతుంది, బండి కొండ మీద జారుతుంది. కారడం మరీ ఎక్కువగా ఉంటే ఇంజిన్ గాలి విడిచే బ్రీదరు గొట్టం పూడుకుపోయిందేమో, వెనక మెయిన్ బేరింగ్ అరిగిందేమో చూడాలి.

ప్రశ్న: చిత్తూరులో మా తాతగారి అంబాసిడర్‌కు ఇదే పనిని ఇంట్లో చేయాలని నేనూ మా తమ్ముడూ అనుకుంటున్నాము. కారు కిందికి దూరి గేర్ బాక్సు ఒక్కదాన్నే దించడం మంచిదా, రెండింటినీ కలిపి పైకి లేపి బయట విడదీయడం మంచిదా? ఏ సామాను సమకూర్చుకోవాలి? (ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: ఇంట్లో, నున్నటి నేల మీద, చైన్ పుల్లీ దొరికేట్లయితే రెండింటినీ కలిపి తీయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. గేర్ బాక్సును కింద నుంచి దించే పద్ధతిని వర్క్‌షాపుల్లో గోతి మీదో లిఫ్ట్ మీదో నిలబడి చేస్తారు. మీరు నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు చాచి, కనిపించని పై బోల్టులు విప్పుతూ, చివరికి ఆ బరువును గుండెల మీదికి దించుకోవలసి వస్తుంది. గేర్ బాక్సును తిన్నగా వెనక్కి జరపడానికి కావలసిన వెసులుబాటు ఆ భంగిమలో ఉండదు. పై ఉత్తరంలో చెప్పిన వాలు సమస్య అక్కడే పుడుతుంది. అదీగాక, ఇంజిన్‌ను ముందు భాగంలో రెండు మౌంటింగులు పట్టుకుంటే వెనక భాగాన్ని మోసేది గేర్ బాక్సు కింది మౌంటింగే. ఆ అడ్డపట్టీని తీసిన మరుక్షణం ఇంజిన్ వెనక్కి వాలుతుంది, రేడియేటర్ గొట్టాలూ ఇంధన పైపులూ లాగుకుపోతాయి. ఏ కారణం చేతనైనా కింది నుంచే చేయవలసి వస్తే సంపు కింద వెడల్పాటి పలక వేసి జాకీ ఆనించిన తరువాతే అడ్డపట్టీని ముట్టుకోండి. కారును జాకీ మీద వదిలి ఎన్నడూ కిందికి దూరవద్దు, నాలుగు చోట్లా గట్టి స్టాండులు ఉండాలి.

లేపే సాధనానికి మీ ప్రాంతంలో కొరత లేదు. బోరు మోటార్లు పైకి తీసేవాళ్ళ దగ్గర మూడు కాళ్ళ స్టాండూ చైన్ పుల్లీ ఉంటాయి, అద్దెకు అడగవచ్చు. ఇంజిన్, గేర్ బాక్సు కలిపి 200 కిలోలకు తక్కువ కాదన్న లెక్కతో 1 టన్ను మోసే చైన్ పుల్లీ తెచ్చుకోండి. వేప చెట్టు కొమ్మకూ, పెంకుటింటి దూలానికీ, స్లాబులోని ఫ్యాను కొక్కేనికీ వేలాడదీయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. స్టాండు కాళ్ళు జారకుండా మూడింటినీ అడుగున గొలుసుతో కట్టాలి. ఇంజిన్‌కు తాడును ఎక్కడపడితే అక్కడ చుట్టకుండా, సిలిండర్ హెడ్ స్టడ్డులకు బిగించిన మందపాటి ఇనుప కొక్కేలకు గొలుసు తగిలించండి. టాపెట్ కవరూ మేనిఫోల్డూ బరువు మోసేవి కావు.

స్పానర్ల విషయంలో చాలామంది మొదటి రోజే నష్టపోతారు. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజిన్ బోల్టులు అంగుళాల కొలతవి. అర అంగుళం తలకు 13 మిల్లీమీటర్ల స్పానర్ పట్టినట్టే పట్టి, యాభయ్యేళ్ళ తుప్పు ఎదురు తిరిగేసరికి జారి, మూలలు గుండ్రంగా అరగదీస్తుంది. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లే గదా. అంగుళంలో 9/16 వంతు తలకు 14 దూరదు, 15 వదులవుతుంది. అందుచేత అంగుళాల సెట్టు ఒకటి కొనుక్కోవడమో అడిగి తెచ్చుకోవడమో తప్పదు. కొత్త క్లచ్ ప్లేటూ పైలట్ బుష్షూ స్థానికంగా దొరక్కపోతే చెన్నై పుదుపేట పాత సామాన్ల దుకాణాల్లో వెతకండి. పాత ప్లేటును చేత పట్టుకుని వెళ్ళి పళ్ళ సంఖ్యా వ్యాసమూ పోల్చి చూసుకున్నాకే డబ్బులివ్వండి.

పని మొదలుపెట్టే రోజున ముందుగా బ్యాటరీ తీగలు విప్పాలి. బాడీకి కలిసి ఉన్న తీగను మొదట తీయాలి. పాత బండ్లలో కొన్నింటికి పాజిటివ్ తీగే బాడీకి కలిసి ఉంటుంది కాబట్టి రంగు చూసి కాక తీగ ఎక్కడికి పోతున్నదో చూసి తీయండి. పెట్రోలు పైపు విప్పి మూతికి బిరడా పెట్టి, ఆ పూటకు దీపాలూ బీడీలూ దరిదాపుల్లో లేకుండా చూడండి. బానెట్టు కీళ్ళ చుట్టూ పెన్సిలుతో గీత గీసి తీస్తే తిరిగి బిగించేటప్పుడు సందులు సరిగ్గా వస్తాయి. రేడియేటర్, సైలెన్సర్ గొట్టం, స్టీరింగ్ కాలమ్ నుంచి వచ్చే గేరు కడ్డీలు, స్పీడోమీటర్ కేబుల్, వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్, సెల్ఫ్ మోటారు, ఇంజిన్‌ను బాడీకి కలిపే ఎర్తు పట్టీ అన్నీ వరసగా విడిపోవాలి. క్లచ్‌కు హైడ్రాలిక్ సిలిండరు ఉంటే పైపు విప్పకుండా సిలిండర్‌నే తీసి పక్కకు కట్టేయవచ్చు. ఆ సమయంలో పొరపాటున కూడా ఎవరూ పెడల్ తొక్కకూడదు. గేర్ బాక్సు నూనెను ముందే వంపేయాలి. ఇంజిన్ ముందు భాగం పైకెత్తి తోక కిందికి వంచి తీస్తారు కాబట్టి, నూనె మిగిలితే అదంతా వెనక నుంచి నేల మీదికి వస్తుంది.

బెల్ హౌసింగ్ బోల్టులు అన్నీ ఒకే పొడవువి కావు. ఒక అట్ట మీద హౌసింగ్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడే రంధ్రం చేసి గుచ్చి పెట్టండి. నెల తరువాత తిరిగి బిగించే రోజున ఆ అట్ట ఒక్కటే మీకు గుర్తు చేస్తుంది. కాలం సంగతి కూడా చూసుకోండి. మీకు కప్పు ఉన్న షెడ్డు లేకపోతే అక్టోబరు, నవంబరు నెలల్లో తెరవవద్దు. ఈశాన్య ఋతుపవనాల వానకు తెరిచిన ఫ్లైవీల్ ముఖం ఒక్క రాత్రిలో ఎర్రబారుతుంది.

ఇంజిన్ బయటికొచ్చిందని తెలియగానే డీజిల్ ఇంజిన్ వేయించమని సలహాలు మొదలవుతాయి. తొందరపడవద్దు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌లోనూ బాడీలోనూ ఇంజిన్‌లోనూ పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉన్న కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. అలాంటి కారును రోజువారీ పనులకు వాడకూడదన్న షరతు ఉన్నది. మీ తాతగారి బండి ఆ వయసుకు చేరువలో ఉన్నదంటే, దాని సొంత ఇంజిన్‌ను కాపాడుకోవడం మీ చేతిలో ఉన్న పని.

ప్రశ్న: కొత్త క్లచ్ ప్లేటు వేసి గేర్ బాక్సును తిరిగి కలుపుతుంటే అర అంగుళం దూరంలో ఆగిపోతున్నది. బోల్టులు బిగిస్తే అదే దగ్గరికొస్తుందని అంటున్నారు. (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: రాదు, హౌసింగ్ చెవి విరుగుతుంది. బోల్టుల పని కలిసిన ముఖాలను పట్టి ఉంచడమే గాని వాటిని దగ్గరికి లాగడం కాదు. వేళ్ళతో తిప్పినప్పుడే బోల్టు చివరిదాకా పోవాలి.

ప్రెషర్ ప్లేటు బిగించేటప్పుడు క్లచ్ ప్లేటు నడిమి రంధ్రం, పైలట్ బుష్ ఒకే గీత మీద లేకపోవడమే దీనికి సాధారణ కారణం. ప్రెషర్ ప్లేటు బోల్టులు వదులు చేసి, పాత గేర్ బాక్సు నుంచి తీసిన షాఫ్టునో, లేత్ షాపులో ఆ కొలతకు తిప్పించిన చెక్క కడ్డీనో ప్లేటులోంచి బుష్‌లోకి దూర్చి, అది చేతికి తేలికగా వచ్చి పోయేట్టు సరిచూసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ప్లేటు తిరగేసి పెట్టలేదని కూడా చూసుకోండి; నడిబొడ్డు పొడవుగా ఉన్న వైపు సాధారణంగా గేర్ బాక్సు వైపుకు రావాలి. షాఫ్ట్ పళ్ళకు గ్రీజు పలచగా తుడిచినట్టు పూస్తే చాలు, ఎక్కువైతే తిరిగేటప్పుడు లైనింగు మీదికి చిమ్ముతుంది. తరువాత టాప్ గేరు వేసి, గేర్ బాక్సును తిన్నగా నెడుతూ వెనక ఫ్లాంజిని మెల్లగా తిప్పితే షాఫ్ట్ పళ్ళు ప్లేటు పళ్ళను వెతుక్కుని దూరతాయి.

ముఖాలు కలిసి బోల్టులు బిగిశాక, ఇంజిన్‌ను కారులోకి ఎక్కించకముందే క్లచ్ విడుస్తున్నదో లేదో నేల మీదనే చూసుకోవచ్చు. గేరులో ఉంచి ఫ్లాంజిని తిప్పబోతే క్రాంక్ కూడా తిరగాలి, లేదా రెండూ బిగుసుకుని ఉండాలి. ఒకరు క్లచ్ ఫోర్కుకు పొడవైన పైపు తొడిగి, పెడల్ తొక్కినప్పుడు అది కదిలే దిశలోనే బలంగా నొక్కి పట్టుకుంటే, క్రాంక్ కదలకుండానే ఫ్లాంజి చేతికి తిరగాలి. అలా తిరగకపోతే మళ్ళీ విప్పండి, ఇప్పుడైతే ఒక పూట పని. కారులో బిగించాక తెలిస్తే మొత్తం మళ్ళీ పైకి లేపాలి.